ముడి వేసిన వైర్లు

లాండ్రీ వెనక గది,
సోమవారం, టీ వేళ

బావా,

ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టకపోతే అది ఉత్తరమే కాదంటుంది మా లాండ్రీ ఓనరమ్మ. అందుకని రాశాను. ఇక అసలు సంగతి. మన పికప్పులో పెట్టడానికి రేడియో కొన్నాను.

అప్పుడే నుదురు చిట్లించకు. బండితో పాటు కంపెనీ ఇచ్చే రకం కాదు, షాపుల్లో విడిగా అమ్మేది. ఎంత పాత బండికైనా పడుతుందని షాపాయన ఒట్టు వేసినంత పని చేశాడు. పాత రేడియో చచ్చిపోయాక నువ్వు పీకేసిన కన్నం డాష్‌బోర్డులో అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఇన్నాళ్ళూ అందులో డెలివరీ చీటీలు కుక్కుతున్నాను.

రేడియో ఎందుకని అడుగుతావు. పొద్దున్నే ఆసుపత్రికి ఉతికిన దుప్పట్లు, అక్కణ్ణుంచి లాడ్జీలకు, తిరిగొచ్చేటప్పుడు మాసినవి. నువ్వున్నప్పుడూ ఇదే దారి, ఇవే దుప్పట్లు. నువ్వు నడిపేవాడివి, నేను వాగేదాన్ని. ఇప్పుడు నడిపేదీ నేనే, వాగేదీ నేనే. మొన్న సిగ్నల్ దగ్గర లాడ్జీ మేనేజరు మీద చాడీలు చెప్తూ పక్కకి తిరిగితే సీట్లో దిండు గలీబుల మూట ఉంది. నీకంటే ఆ మూటే నయం, మధ్యలో ఆవలించలేదు. కానీ నవ్వలేదు కూడా. నాకు ఏడుపొచ్చింది బావా.

సొరంగం పని ఏడాదే అని వెళ్ళావు. ఏడాది దగ్గరపడుతోంది కాబట్టి ఊరుకుంటున్నాను. కానీ ఆదివారం ఫోన్లు ఎందుకు మానేశావు? వర్షాలప్పుడు లైను పోయిందన్నావు, నమ్మాను. ఇప్పుడు ఆకాశం అద్దంలా ఉంది.

సరే, పని సంగతి చెప్పు. డాష్‌బోర్డు విప్పాను. రేడియో వైర్లకి రంగులున్నాయి: పసుపు, ఎరుపు, నలుపు. రంగుకి రంగు కలపమని కాగితంలో రాసుంది. మన బండిలో ఏ వైరు లాగినా బూడిద రంగే. అప్పుడు వైరింగంతా మారుస్తానని కూర్చుని, మిగిలిపోయిన ఒకే చుట్టతో బండి మొత్తం చుట్టబెట్టిన మహానుభావుడివి నువ్వే కదా! ఏది ఏదో రాయి.

నీ వసపిట్ట


సొరంగం సైటు, జనరేటర్ షెడ్డు

వసపిట్టకి,

రేషన్ లారీలో నీ ఉత్తరం వచ్చింది. వంటాయన నా చేతిలో పెట్టి, లావు చూసి, ఇది ఉత్తరమా, పాఠ్యపుస్తకమా అన్నట్టు సైగ చేశాడు. ఇంకా లావుగా రాయి. నాకు చాలదు.

రేడియో ఎందుకే ఇప్పుడు? బ్యాటరీ తింటుంది. పాట వింటూ నువ్వు గేర్లు మరిచిపోతావు. అయినా నువ్వు నోరు విప్పాక దానికి మాట్లాడే సందు దొరుకుతుందా? వద్దంటే మరీ చేస్తావని తెలుసు కాబట్టి చెప్తున్నాను.

ముందు బ్యాటరీకి నల్ల క్లాంపు ఊడదియ్యి. ఊడదీశాకే డాష్‌బోర్డులో చెయ్యి పెట్టు. బూడిద రంగు ఒక్కటే దొరికిందని రంగు బదులు ముళ్ళు వేశాను. కన్నంలోకి చెయ్యి పోనిచ్చి తడుము. ఒక ముడి ఉన్న వైరులో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసినా ఉంటుంది. రేడియో పసుపు దానికి కలుపు. రెండు ముళ్ళున్నది తాళం తిప్పితేనే పలుకుతుంది, దానికి ఎరుపు. నలుపుది గ్రౌండు, బండి ఇనుముకి బిగించు. టేపు బాగా చుట్టు, పిసినారితనం చెయ్యకు.

ఫోన్ సంగతి. ఆఫీసు కొండ మీద ఉంది, అక్కడ పెద్ద క్యూ. గుమాస్తా మొహం చూస్తే మాట రాదు. ఉత్తరాలే బాగున్నాయి. ఒక పని చెయ్యి. రేడియో మోగాక ఏం వచ్చిందో, ఎలా వచ్చిందో అంతా రాయి. గొంతు ఆడదా మగదా, వెనక ఏం వాయించారు, నువ్వు ఎక్కడ కలిపి పాడావు, అన్నీ.

బావ


లాండ్రీ వెనక గది,
గురువారం

బావా,

మోగింది! కానీ మధ్యలో నా తలప్రాణం తోకకొచ్చింది.

క్లాంపు ఊడదియ్యమన్నావు కదా, ఊడదీశాను. టీ తాగి వచ్చాను. మధ్యలో ఓనరమ్మ బండి అడ్డం తియ్యమంటే క్లాంపు పెట్టి, బండి తీసి, మళ్ళీ ఊడదియ్యడం మరిచిపోయాను. చెయ్యి పెట్టగానే చిటుక్కుమని నిప్పురవ్వ. ఫ్యూజు పోయింది. నేను ఎగిరిన ఎగురుకి తల కప్పుకి కొట్టుకుంది. ఇస్త్రీ టేబుళ్ళ దగ్గరున్న ఆడవాళ్ళందరూ వచ్చి నవ్వారు. నవ్వారే కానీ టార్చి పట్టుకున్నది కూడా వాళ్ళే.

ముళ్ళు దొరికాయి. చీకట్లో చెయ్యి పెట్టి నీ ముడి తడుముతుంటే ఏదోలా అయింది. గట్టిగా, చిన్నగా ఉంది, నీ వేళ్ళు ఇప్పుడే వదిలి వెళ్ళినట్టు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఓనరమ్మ చూసి వైరు తెగిందా అని అడిగింది.

యాంటెన్నా విరిగిపోయి ఉంది. లాండ్రీలో హ్యాంగర్లకేం కరువు? ఒక ఇనప హ్యాంగరు తిన్నగా వంచి గుచ్చాను. తాళం తిప్పితే ముందు బరబరా ఇసుక జల్లిన చప్పుడు. మీట తిప్పుతూ పోతే దాని లోపలి నుంచి ఒక ఆడగొంతు తేలింది. లావు గొంతు, కొంచెం జలుబు చేసినట్టుంది. పాట నాకు తెలీదు. వెనక ఫ్లూటు ఒక్కటే. తెలియని పాటకే కలిపి పాడాను, అందరూ తలుపులు వేసుకున్నారు.

ఒక్కటే గొడవ. తాళం తీస్తే ఇది అన్నీ మరిచిపోతుంది. స్టేషనూ, గడియారమూ, ఏదీ గుర్తుండదు. ఆసుపత్రి దగ్గర ఆపి దుప్పట్లు దింపి వచ్చేసరికి మళ్ళీ ఇసుక చప్పుడు. ఇరవై చోట్ల ఆగే బండికి ఇలాంటి మతిమరుపు రేడియో ఏం లాభం? షాపాయన దగ్గరికి తీసుకెళ్ళి దెబ్బలాడనా?

నీ వసపిట్ట


జనరేటర్ షెడ్డు

వసపిట్టకి,

షాపాయన జోలికి వెళ్ళకు. తప్పు నాది. ఒక ముడి తాళానికి, రెండు ముళ్ళు బ్యాటరీకి. నేనే వేసి నేనే తారుమారు చెప్పాను. పసుపు వైరుకి తాళం తీసినా కరెంటు అందుతుండాలి, ఆ కాస్త కరెంటుతోనే అది స్టేషను గుర్తుపెట్టుకుంటుంది. రెండూ మార్చి కలుపు, సరిపోతుంది.

నా చేతులు చేసిన పని నాకు గుర్తు లేకపోవడం ఇదే మొదలు. ఇక్కడ రోజంతా ఈ నాలుగు జనరేటర్ల మధ్య తిరిగి తిరిగి బుర్ర అరిగిపోయిందేమో. సొరంగంలోకి గాలీ వెలుతురూ వీటితోనే వెళ్తాయి, ఒక్క నిమిషం ఆపడానికి లేదు.

నీ పాట ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. జలుబు చేసిన ఆడగొంతు. ఇసుక చప్పుడు. చాలా బాగా రాశావు. ఇంకా రాయి. నువ్వు నవ్వేటప్పుడు అసలు నవ్వుకి ముందు ముక్కుతో ఒక చిన్న చప్పుడు వస్తుంది చూడు, అది ఇప్పుడూ వస్తోందా? బట్టల మిషను నీళ్ళు వదిలేటప్పుడు ఎలా మోగుతుంది? వెనక గది తలుపు ఇంకా కిర్రుమంటోందా? వెర్రి ప్రశ్నలని తిట్టుకోకు. ఊరికే అడుగుతున్నాను.

బావ


లాండ్రీ వెనక గది,
ఆదివారం

బావా,

మూడు ముళ్ళు వేసిన చేతికి రెండు ముళ్ళు గుర్తు లేవా? సర్లే, మార్చాను. ఇప్పుడు బుద్ధిగా అన్నీ గుర్తుపెట్టుకుంటోంది. తాళం తిప్పగానే నిన్నటి స్టేషనే పలుకుతుంది.

నీ ప్రశ్నలకి జవాబులు. ముక్కుతో చప్పుడు వస్తోందని ఇస్త్రీ ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పారు. మిషను నీళ్ళు వదిలేటప్పుడు ముసలాయన పుక్కిలించి ఉమ్మినట్టు మోగుతుంది. తలుపు కిర్రుమనడం లేదు, నూనె వేశాను. కావాలంటే చెప్పు, నువ్వొచ్చేసరికి తుడిచేస్తాను.

కొత్త జబ్బు ఒకటి మొదలైంది. పాట వెనక సన్నగా గుయ్యిమంటోంది. బండి ఆగి ఉంటే లేదు. ఇంజను తిరిగితే మొదలు. యాక్సిలరేటర్ తొక్కితే గొంతు పెంచుతుంది, వదిలితే తగ్గుతుంది, నా కాలికీ దానికీ ఏదో సంబంధం ఉన్నట్టు. దోమ చెవిలో దూరినట్టుంది.

రాస్తే నీకేం తెలుస్తుంది? వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యి. ఫోను స్పీకర్ దగ్గర పెడతాను, విని చెప్పు. క్యూ అని చెప్పకు. పాటంటే చెవి కోసుకునే మనిషివి, నా కోసం ఒక్క గంట నిలబడలేవా? నీ గొంతు విని ఎన్ని నెలలైందో లెక్కపెట్టడం మానేశాను, లెక్కపెడితే బాధగా ఉంది.

వచ్చే నెల వచ్చేస్తున్నావు కదా. పక్క సీటు చిరుగు కుట్టాను. ఇక మూటలన్నీ వెనకే వేస్తున్నాను.

నీ వసపిట్ట


జనరేటర్ షెడ్డు

వసపిట్టకి,

సరే, ఆదివారం పొద్దున చేస్తాను. స్పీకర్ దగ్గర పెట్టు.

నువ్వు రాసినదాన్ని బట్టి గ్రౌండు సరిగ్గా లేదనిపిస్తోంది. పెయింటు మీద బిగించి ఉంటావు. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, అప్పుడు బిగించాలి.

ఇంకో మాట. సొరంగం అవతలి వైపు పని మొదలుపెడుతున్నారు. ఇంకో ఏడాది ఉండమన్నారు. సంతకం పెట్టాను. నీకు ముందే చెప్పాల్సింది.

ఒంటరిగా బరువులు ఎత్తకు.

బావ


లాండ్రీ వెనక గది,
ఆదివారం, నువ్వు ఫోను పెట్టేశాక

బావా,

క్షేమసమాచారాలు రాయను. నాకు క్షేమంగా లేదు.

నీ సంతకం సంగతి నిన్న చదివాను. పొద్దున ఫోను మోగితే పరుగెత్తుకుని వెళ్ళి బండిలో కూర్చుని ఎత్తాను. హలో అన్నావు. ఎన్నాళ్ళకో నీ గొంతు.

'ఎందుకు పెట్టావు బావా సంతకం?' అన్నాను. 'ఆ, వినపడుతోంది, గుయ్యిమంటోంది' అన్నావు. 'నేనంటే మొహం మొత్తిందా?' అన్నాను. 'గ్రౌండే. పెయింటు గీకు' అన్నావు. ఏడుస్తూ అడిగాను బావా, ఎప్పుడొస్తావని. నువ్వేమన్నావో తెలుసా? 'ఇప్పుడు బాగా వస్తోంది, పాట బాగుంది' అన్నావు. అని పెట్టేశావు.

నేను రేడియో ఆన్ చెయ్యనే లేదు. తాళం నా ఒళ్ళో ఉంది.

ఎవరు చెప్పమన్నారు నీకు ఆ మాటలు? పక్కన గుమాస్తా ఉన్నాడా? లేక నేను ఏం అడుగుతానో ముందే తెలిసి, జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి అదొక దారా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊదుతూనే ఉన్నాను. రావడం ఇష్టం లేకపోతే ఆ ముక్క రాయి. వేరే ఎవరైనా ఉంటే అదీ రాయి. బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకు. సీటు చిరుగు కుట్టుకున్న పిచ్చిదాన్ని, నాకు నిజం తెలియాలి.

పేరు కింద ఏం రాయాలో తెలీడం లేదు.


జనరేటర్ షెడ్డు

వసపిట్టకి,

నువ్వు రాసిన సామెత నిజం. నాకు చెవులు పోయాయి.

ఇంతవరకు రాశాక ఒక పూట ఈ కాగితం దిండు కింద పెట్టాను. మళ్ళీ తీసి రాస్తున్నాను. వర్షాలప్పుడు సొరంగంలో మందు పేల్చినప్పుడు నేను అనుకున్నదానికంటే దగ్గర ఉన్నాను. చెవుల్లో దూది పెట్టుకోలేదు. ఎడమది అప్పుడే పోయింది. అంతకు ముందే ఈ జనరేటర్లు కుడిదాన్ని సగం తిన్నాయి, మిగతా సగం తర్వాత మెల్లగా పోయింది. ఇప్పుడు మనిషి అరిస్తే బావి అడుగు నుంచి ఎవరో అన్నట్టు ఉంటుంది, మాట తెలీదు. పట్నం ఆసుపత్రిలో చూపించుకున్నాను. నరం చచ్చింది, తిరిగి రాదన్నారు. చెవిలో మిషను పెట్టుకున్నా లాభం లేదన్నారు.

ఆదివారం నువ్వు గుయ్యి వినిపిస్తావని అనుకుని, చెప్పాల్సిన మూడు ముక్కలు వంటాయన దగ్గర వల్లించుకుని కొండెక్కాను. ఫోను చెవికి పెట్టుకుంటే చల్లగా తగిలింది, అంతే. నువ్వు మాట్లాడుతున్నావో పాట వస్తోందో తెలీలేదు. నువ్వు ఏడుస్తుంటే నేను పాట బాగుందన్నాను. ఆ సంగతి చదివాక ఇవాళ అన్నం ముట్టలేదు.

వేరే ఎవరూ లేరే. నువ్వంటే మొహం మొత్తడమా? ఇక్కడ రోజంతా నీ ఉత్తరాలు జేబులో పెట్టుకుని తిరుగుతాను.

ఎందుకు సంతకం పెట్టానో చెప్తాను. ఈ షెడ్డులో ఎవరికీ ఎవరి మాటా వినపడదు. అందరం సైగలతోనే బతుకుతాం. ఇక్కడ నేను అందరిలాంటివాణ్ణే. మన ఇంట్లో అడుగుపెడితేనే చెవిటివాణ్ణి అవుతాను. నువ్వు నోరు తెరిచి మాట్లాడుతుంటే బొమ్మలా చూస్తూ ఉండాలి. పగలంతా దుప్పట్లు మోసి వచ్చి నాకు చెప్పుకోవాలని నువ్వు ఆత్రపడితే, నేను ఏం చెయ్యాలి? నీ వాగుడు వినడమే కదా నా సుఖం. నాకు ఇంకో సుఖం తెలీదు. అది లేకుండా నీ పక్కన కూర్చోవడం కంటే, ఇక్కడ కూర్చుని గుర్తు చేసుకోవడం నయమనిపించింది.

కానీ గుర్తు కూడా కరిగిపోతోంది. ముందు నీ పాట పోయింది. తర్వాత నవ్వు. అందుకే రాయమని ప్రాణం తీశాను. రేడియో వద్దన్నది బ్యాటరీ కోసం కాదు. నేను లేని బండిలో నువ్వు ఒక్కదానివే పాటలు వింటున్నావని తలుచుకుంటే ఓర్వలేకపోయాను.

ఇప్పుడు నీకు నిజం తెలిసింది. నువ్వు ఏం అనుకున్నా సరే.

బావ


మాసిన దుప్పట్ల గది,
మంగళవారం

బావా,

నీ ఉత్తరం ఈ మూటల మీద కూర్చుని చదివాను, ఇక్కడే రాస్తున్నాను. ముందు నీ మీద కోపంతో ఏడ్చాను. ఇన్ని నెలలు ఒక్కడివే మోశావు, నేనేం పరాయిదాన్నా? తర్వాత ఆ సామెత రాసిన నా చేతిని కొరుక్కోవాలనిపించింది.

ఓనరమ్మ వచ్చి ఏమైందే అంది. బావకి చెవులు పోయాయని చెప్పాను. 'ఓస్, అంతేనా? మా ఆయనకి పెళ్ళైన మర్నాడే పోయాయి' అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆవిడ కూడా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

నీ చెవులు పోవడం నాకు చిన్న సంగతి అని అబద్ధం చెప్పను. నేను వంటింట్లోంచి పిలిస్తే ఏమన్నావే అంటూ నువ్వు రావడం నాకు కావాలి. చీకట్లో పడుకుని నేను గొణుగుతుంటే నువ్వు ఊఁ కొట్టడం కావాలి. అవి ఇక లేవు. వాటి కోసం ఇంకా చాలా రోజులు ఏడుస్తాను. కానీ అవి లేవని నువ్వు కూడా లేకుండా పోతానంటే నాకు మిగిలేది ఏమిటి? దిండు గలీబుల మూటా?

ఇంకొకటి. ఇనుము గీకి బిగించాను, గుయ్యిమనడం పోయింది. నువ్వు దాన్ని విన్నావా? లేదు. నేను రాసింది చదివి అంత దూరం నుంచి జబ్బు పట్టుకున్నావు. వర్షాల నుంచి ఇప్పటిదాకా మనం కబుర్లు చెప్పుకున్నాం, ఎకసెక్కాలాడుకున్నాం, బండి బాగు చేసుకున్నాం, దెబ్బలాడుకున్నాం. ఇందులో నీ చెవి ఎక్కడ పని చేసింది బావా? ఒక్క ఆదివారం చెవిని నమ్ముకున్నాం, ఆ ఒక్కరోజే విడిపోయినంత పనైంది.

రేడియో పీకను. నీకు వినపడదని నేను వినడం మానను, ముందే చెప్తున్నాను. అయితే ఇక బండి నేనే నడుపుతాను. నువ్వు పక్క సీట్లో కూర్చుని నా మూతి చూడు. సిగ్నల్ పడినప్పుడల్లా నీ వైపు తిరిగి మాట్లాడతాను. అర్థం కాకపోతే అరచేతిలో రాస్తాను. అప్పటికీ అర్థం కాకపోతే వెనక బండివాడు హారన్ కొడతాడు, తిట్లు నేను తింటాను.

నీ సంతకం గురించి బెంగపడకు. మీ గుమాస్తాతో నేను మాట్లాడతాను. నా వాగుడు పడలేక ఆ కాగితం వాడే చింపేస్తాడు. ఓనరమ్మ సెలవు ఇచ్చింది, పికప్పు ట్యాంకు నింపించాను. రేషన్ లారీ అక్కడికి ఏ రోజు చేరుతుందో కనుక్కున్నాను, ఈ ఉత్తరం అందులో నీకు అందిన మర్నాడు సాయంత్రానికి నేను అక్కడ ఉంటాను.

పెట్టె సర్దుకుని సైటు గేటు బయట నిలబడు. షెడ్డు వైపు కాదు, రోడ్డు వైపు తిరిగి నిలబడు. నేను హారన్ కొట్టను బావా. మలుపు తిరగగానే లైట్లు వేస్తాను, ఆర్పి మళ్ళీ వేస్తాను. నువ్వు చెయ్యెత్తేదాకా వేస్తూనే ఉంటాను.

నీ వసపిట్ట